వేలెత్తే ఉస్తాద్

వనపర్తి పానగల్ రోడ్డు మెకానిక్ నిజాముద్దీన్‌కు చెవులు వినపడవన్న సంగతి చాలాకాలం ఊళ్లో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన, రెండో మనిషి ఆయన భార్య మెహరున్నిసా. మూడో మనిషికి తెలిసిన రోజున తన బతుకు బజారున పడుతుందని ఆయన భయం. భయపడ్డాడని ఎగతాళి చేయడానికి లేదు. ఊరి నోరు ఎలాంటిదో ఆయనకు బాగా తెలుసు. ఆ నోట్లో ఆయన గొంతు కూడా చాలాసార్లు కలిసింది.

చెవులు పోయినవాళ్లు లోకంలో ఎంతమంది లేరు! బట్టలు కుట్టేవాడికి చెవి లేకపోతే వచ్చే నష్టమేమీ లేదు. గోడ కట్టేవాడికీ లేదు. నిజాముద్దీన్ సంగతి వేరు. ఆయన చేతులతో కాదు, చెవులతో బతికిన మెకానిక్. పెట్రోలు ఇంజన్‌లో నిప్పురవ్వ ఏ క్షణాన పడాలన్నది ఒక లెక్క. ముందుగా పడితే ఇంజన్ లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు టకటకమంటుంది. ఆలస్యంగా పడితే బండి లాగదు, ఊరికే వేడెక్కుతుంది. డిస్ట్రిబ్యూటర్‌ను పట్టుకుని వెంట్రుకవాసి అటో ఇటో తిప్పి ఆ క్షణాన్ని కుదర్చడాన్నే టైమింగ్ పెట్టడం అంటారు. మిగతావాళ్లు దానికి లైటు వాడేవాళ్లు. నిజాముద్దీన్ లైటు వాడేవాళ్లను చూసి నవ్వేవాడు.

గద్వాల జములమ్మ జాతరకు జీపుల్లో జనాన్ని కుక్కి తీసుకుపోయే రోజుల్లో ఆయన పేరు లింగాల దాకా పాకింది. రోడ్డవతల హోటల్లో చాయ్ తాగుతూ, పోయే జీపు చప్పుడు విని, "వాని టైమింగ్ జారింది, ఆపుండ్రి" అనేవాడట. ఆపి చూస్తే జారే ఉండేదట. ఇలాంటి కథలు ఊళ్లో ఇంకా చాలా ఉన్నాయి. అందులో సగం ఆయన చెప్పినవే.

ఆయనకు రెండు అలవాట్లు ఉండేవి. టైమింగ్ పెట్టేటప్పుడు షెడ్డులో ఎవరూ ఉండకూడదు. శిష్యులందరినీ చాయ్ హోటల్‌కు తోలి, ఒక్కడే బానెట్ కిందికి వంగేవాడు. పని నేర్చుకోవడానికి వచ్చినవాడు అన్నీ నేర్చుకోవచ్చు గానీ అది మాత్రం నేర్చుకోకూడదు. ఇక రెండో అలవాటు, పని అయ్యాక కుర్చీ వేయించుకుని దర్జాగా కూర్చుని కళ్లు మూసుకోవడం. శిష్యుడు ఇంజన్ రేస్ చేస్తుంటే ఆయన వింటాడు. అంతా కుదిరిందనుకున్నప్పుడు చూపుడువేలు పైకెత్తి, "వాహ్" అంటాడు. ఆ వేలు లేచేదాకా బండి యజమాని ఊపిరి బిగబట్టుకుని నిలబడాలి. ఇది చూడటానికే పని లేనివాళ్లు వచ్చి గోడకు ఆనుకుని నిలబడేవాళ్లు.

ఆ శిష్యుల్లో మద్దిలేటి ఒకడు. బిజినేపల్లి పక్క పల్లె నుంచి వచ్చి, ఏళ్లకేళ్లు ఆయన దగ్గర పానాలు కడిగాడు, తిట్లు తిన్నాడు, టైమింగ్ పెట్టిన ప్రతిసారీ చాయ్ హోటల్లో కూర్చున్నాడు. "ఒక్కపారి సూపియ్యి ఉస్తాద్" అని అడిగినందుకు నలుగురి ముందూ చెంపదెబ్బ తిన్నాడు. చివరికి విడిగా పోయి కొత్తకోట రోడ్డులో సొంత షెడ్డు పెట్టాడు. ఇప్పుడది షెడ్డులా లేదు. సిమెంటు నేల, కార్లను పైకెత్తే లిఫ్టులు, కంప్యూటర్లు, నీలం బట్టలు తొడుక్కున్న పనివాళ్లు. నిజాముద్దీన్ షెడ్డు ముందు మాత్రం తుప్పు పట్టిన జీపు ఒకటి, మేక ఒకటి ఉండేవి. మేక మెహరున్నిసాది.

చెవులు ఒక్కరోజులో పోలేదు. ముందు పిట్టల అరుపులు పోయాయి, ఆయన పట్టించుకోలేదు. తర్వాత ఫోను మోగడం పోయింది. తర్వాత ఆజాన్ పోయింది. అప్పుడు భయపడి, వనపర్తిలో చూపిస్తే ఊరంతా తెలుస్తుందని కర్నూలు దవాఖానకు పోయాడు. ఇన్నేళ్లు హారన్ల మధ్య, లేత్ మిషన్ల మధ్య బతికినందుకు నరం చచ్చిపోయిందని, చెవికి మిషన్ పెట్టుకోమని డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. చెవిలో మిషన్ పెట్టుకున్న టైమింగ్ ఉస్తాద్‌ను ఎవడు నమ్ముతాడు? కాగితాన్ని బస్సు కిటికీలోంచి పారేసి ఇంటికొచ్చాడు.

అప్పటినుంచి నాటకం మొదలైంది. ఎదుటివాడి పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకున్నాడు. తెలియని చోట "ఆఁ, ఆఁ, గంతే గదా" అనేవాడు. ఎదుటివాడికి సందు ఇవ్వకుండా తానే ఎక్కువ మాట్లాడేవాడు. ముసలాడికి వాగుడు ఎక్కువైందని జనం అనుకున్నారు. అలా అనుకోవడమే ఆయనకు కావాలి. ఫోన్లన్నీ మెహరున్నిసా చూసేది. ఆమె పుట్టిల్లు బల్మూర్ దగ్గర పల్లె, ఇంట్లో ఉర్దూ మాట్లాడినా కోపమొస్తే తెలుగే వచ్చేది. ఇప్పుడు రోజంతా తెలుగే వస్తోంది.

"ఎన్నొద్దులు గీ అబద్ధాలు? నా నోరు పడిపోతుంది" అనేది.

"ఆఁ, ఆఁ, గంతే గదా" అనేవాడు ఆయన, ఆమె పెదాలు చక్కగా చదివి కూడా.

అయితే ఒక విచిత్రం జరిగింది. చెవి పోయాక ఆయన అరచేయి మేలుకుంది. నడుస్తున్న ఇంజన్ మీద చేయి ఆనిస్తే లోపలి వణుకు మోచేతి దాకా పాకేది. స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని పళ్ల మధ్య పట్టుకుంటే దవడ ఎముకలోకి దిగేది. టైమింగ్ తప్పినప్పుడు ఆ వణుకు గరుకుగా ఉంటుంది, కుదిరినప్పుడు నున్నబడుతుంది. అక్కడక్కడ మిగిలిన పాత జీపులకు ఆయన ఇలాగే టైమింగ్ పెట్టాడు. ఒక్కటీ తప్పలేదు. కుర్చీ వేడుక మాత్రం మానేశాడు. "ముసలోన్నైన, ఇంక గవన్నీ ఎందుకు" అని తప్పించుకునేవాడు.

అలా ఇంకొన్నేళ్లు నడిచిపోయేదే. కానీ మద్దిలేటి ఒకరోజు పళ్లు కనపడేలా నవ్వుతూ ఇంటికి వచ్చాడు.

విషయం ఏమిటంటే, నాగర్‌కర్నూల్ కాంట్రాక్టర్ నిరంజన్ ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఎర్రటిది, ఇద్దరే పట్టేది, నేలకు పొట్ట ఆనేంత కిందికి ఉండేది. జర్మనీలో తయారైంది. కార్బురేటర్ లేకుండా ఆ కాలంలోనే ఇంజక్షన్ పెట్టిన బండి. ముద్దుగా కొనుక్కున్నాడు గానీ అది ఎత్తు ఎక్కమంటే దగ్గుతోంది. పాతది గనక మద్దిలేటి కంప్యూటర్‌కు తగిలించడానికి దానికి చోటే లేదు.

"టైమింగ్ నువ్వే పెట్టాలె ఉస్తాద్. నిరంజన్ సారుకు గూడ చెప్పిన. వాళ్ల నాయిన జీపు నీ తాననే చేయించెటోడంట. గిసొంటి బండికి మా ఉస్తాద్ చెయ్యే పడాలె అన్న" అన్నాడు మద్దిలేటి. పెదాలను నిదానంగా, స్పష్టంగా కదిలిస్తూ అన్నాడు. అంత నిదానంగా ఎందుకు మాట్లాడుతున్నాడో నిజాముద్దీన్‌కు అప్పుడు తట్టలేదు. మర్యాద అనుకున్నాడు.

మద్దిలేటి పోయాక మెహరున్నిసా ఆయన గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "పోకు. వాడు నవ్వుకుంట వచ్చిండు. చెంపదెబ్బ తిన్నోడు నవ్వుకుంట ఎందుకొస్తడు?"

"ఎప్పటి ముచ్చటనో అది. నేర్పిన గురువును మర్సిపోతడా?"

"నువ్వు ఏం నేర్పినవని?" అంది ఆమె.

అయినా పోయాడు. అలాంటి బండి జీవితంలో మళ్లీ రాదు. చెవి ఉన్నప్పుడు కూడా ఇంజక్షన్ స్పోర్ట్స్ కారు ఆయన చేతికి రాలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడ్డానికి గోరింట పెట్టుకుని మరీ పోయాడు. ముసలితనంలో ఆశ అంత ముద్దుగా తయారై పోవడం చూస్తే కోపం వస్తుంది, జాలి కూడా వేస్తుంది.

మద్దిలేటి షెడ్డులో పెళ్లికి వచ్చినట్టు జనం ఉన్నారు. నిరంజన్, ఆయన స్నేహితులు, నీలం బట్టల పనివాళ్లు, చివరికి లేత్ మిషన్ ఆశీర్వాదం కూడా వచ్చాడు. ఆశీర్వాదం నిజాముద్దీన్‌కు పక్క దుకాణం మనిషి, రోజూ ఒకే సాసర్‌లో చాయ్ పంచుకునే దోస్తు. ఇంతమంది ఎందుకున్నారని నిజాముద్దీన్‌కు అనుమానం రావాల్సింది. తన పేరు విని వచ్చారనుకున్నాడు.

"అందరు బయటికి పోండ్రి" అన్నాడు పాత పద్ధతిలో. అందరూ వినయంగా బయటికి నడిచారు.

ఆ తర్వాత గడిచిన కాసేపు ఆయన జీవితంలోకెల్లా మంచి కాసేపు. అది ఒప్పుకోవాలి. ఇంజన్ వేడెక్కేదాకా ఆగాడు. డిస్ట్రిబ్యూటర్ నుంచి పోయే సన్న రబ్బరు పైపు ఊడదీసి, గాలి గుంజి టైమింగ్‌ను కదిలించకుండా దాని మూతికి చిన్న బోల్టు బిగించాడు. బిగింపు నట్టు వదులు చేసి, ఎడమ అరచేయి ఇంజన్ మీద పరిచి, కుడిచేత్తో డిస్ట్రిబ్యూటర్‌ను కొద్దిగా తిప్పాడు. జీపైతే ఇలా తిప్పగానే వేగం పెరిగి తనే చెప్పేస్తుంది. ఈ బండి గుట్టుగలది. ఎంత తిప్పినా తన వేగాన్ని తనే సర్దుకుంటోంది. ఇక్కడ చెవులున్నా ఆయనకు పెద్దగా పనికొచ్చేవి కావు. అరచేయి మాత్రం మోసపోలేదు. గరుకుదనం తగ్గుతూ, తగ్గుతూ ఒకచోట పాలమీగడ మీద వేలు పెట్టినట్టు నున్నబడింది. ఇంకొంచెం ముందుకు తిప్పితే మళ్లీ గరుకు. వెనక్కి తెచ్చాడు. చేత్తోనే రేస్ చేసి, స్క్రూడ్రైవర్ పిడి పళ్ల మధ్య పెట్టుకుని మరోసారి చూసుకున్నాడు. నట్టు బిగించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వినకుండానే వినగలిగానని ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. చెప్పుకోవడానికి లేని ఆనందం అది.

"రాండ్రి" అని పిలిచాడు.

మద్దిలేటి కుర్చీ పట్టుకుని వచ్చాడు. "ఉస్తాద్, ఎప్పటి లెక్క. కూసో, కండ్లు మూసుకొని చెప్పు. సారు వాళ్లు దానికోసమే వచ్చిండ్రు."

"గవన్నీ ఎందుకురా ఇప్పుడు..."

"గట్లంటే ఎట్ల ఉస్తాద్? నీ వేలు లేస్తెనే గదా పని అయినట్టు."

నిరంజన్ కూడా చేతులు జోడించాడు. "చిన్నప్పుడు మా నాయిన ఎంబడి వచ్చినప్పుడు చూసిన చాచా. ఒక్కసారి."

వద్దంటే ఎందుకంటారు. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? నిజాముద్దీన్ కూర్చున్నాడు. పాదాలను నేలకు గట్టిగా ఆనించాడు. సిమెంటు నేల గుండా, కుర్చీ కాళ్ల గుండా వణుకు తెలుస్తూనే ఉంది. ఫరవాలేదనుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

ఆ షెడ్డులో గాలి కొట్టే కంప్రెసర్‌ను నేలలోనే బిగించారు. అది నడిస్తే నేలంతా వణుకుతుంది. అక్కడ ఏనాడూ పని చేయని నిజాముద్దీన్‌కు ఆ సంగతి తెలియదు. ఉస్తాద్ కుర్చీ వేడుక మానేసి, ఎదుటివాళ్ల పెదాల వైపే చూస్తున్నప్పటినుంచి మద్దిలేటికి అనుమానం ఉంది. అతను కనుసైగ చేయగానే పనివాడు కంప్రెసర్ వేశాడు. మద్దిలేటి కారులోకి వంగి తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు.

నిజాముద్దీన్ వింటున్నాడు. తల కొంచెం పక్కకు వంచాడు, పూర్వం వంచినట్టే. "జర రేస్ చెయ్యి" అన్నాడు. ఆగాడు. "ఆఁ... చాలు. దించు." మళ్లీ ఆగాడు. పెదాల మీద చిన్న నవ్వు వచ్చింది. అంతటితో వదిలిపెట్టినా కొంత మేలుండేది. కానీ ఇన్నేళ్ల తర్వాత దొరికిన సభ కదా, ఆయనకు ఆశ పుట్టింది. "గిప్పుడు సూడుండ్రి, గొంతు ఎట్ల సాఫయిందో. ఇందాక దగ్గింది. గిప్పుడు పాడుతుంది." చూపుడువేలు పైకి లేచింది. "వాహ్!"

కళ్లు తెరిచాడు.

బానెట్ కింద ఫ్యాన్ రెక్కలు కదలకుండా ఉన్నాయి. మద్దిలేటి చూపుడువేలికి కారు తాళం వేలాడుతోంది. నిరంజన్ స్నేహితుడొకడు ఫోను ఎత్తిపట్టుకుని, నవ్వుకు చేయి ఊగకుండా రెండో చేత్తో పట్టుకున్నాడు. నీలం బట్టల వాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు పడుతున్నారు. ఆశీర్వాదం ముందు నేలకేసి చూశాడు. తర్వాత అతని భుజాలు కూడా కదలడం మొదలైంది. నోళ్లన్నీ తెరుచుకుని ఉన్నాయి, ఒక్క నోట్లోంచీ చప్పుడు లేదు. నిజాముద్దీన్ వేలు ఇంకా గాల్లోనే ఉంది.

నిరంజన్ మాత్రం నవ్వలేదు. ఆయనకు తన బండి బెంగ. మద్దిలేటి వైపు తిరిగి అన్న మాట నిజాముద్దీన్‌కు పెదాల మీద స్పష్టంగా కనపడింది. "చెవిటోని చేతుల పెట్టినవా నా బండిని?"

"ఏం పరేషాన్ గాకుండ్రి సార్. నేనున్న గదా" అని మద్దిలేటి టైమింగ్ లైటు తెచ్చాడు. ఇంజన్ స్టార్ట్ చేసి, మొదటి ప్లగ్గు తీగకు లైటు తగిలించి, తిరుగుతున్న చక్రం మీదికి వెలుగు కొట్టాడు. సరైన టైమింగ్‌లో ఉంటే చక్రం మీది తెల్లగీత ఆ వెలుగులో కదలకుండా ముల్లుకు ఎదురుగా నిలబడినట్టు కనపడుతుంది. కుర్చీలోంచి లేచొచ్చిన నిజాముద్దీన్ మద్దిలేటి భుజం మీంచి చూశాడు.

గీత ముల్లుకు ఎదురుగా నిలబడి ఉంది. అటు జరగలేదు, ఇటు జరగలేదు.

"సూడు! సూడు మద్దిలేటీ! మార్కు మీదనే ఉంది!" అని అరిచాడు. ఎంత గట్టిగా అరిచాడో ఆయనకు తెలియదు. వాళ్లంతా చెవులు మూసుకున్నారు.

మద్దిలేటి చూశాడు. గీతను చూశాడు, గురువును చూశాడు. తర్వాత పానా తీసుకుని నట్టు వదులు చేశాడు. డిస్ట్రిబ్యూటర్‌ను అటు తిప్పాడు, గీత పక్కకు పోయింది. ఇటు తిప్పాడు, మళ్లీ అదే చోటికి వచ్చింది. నట్టు బిగించాడు. నిరంజన్ వైపు తిరిగి, "జర తప్పింది సార్. సరి చేసిన" అన్నాడు.

"అబద్ధం! కరెక్టుగ ఉండె! వాడు తిప్పి మల్ల ఆడనే పెట్టిండు!"

నిరంజన్ ఆయన భుజం మీద చేయి వేశాడు, పసిపిల్లవాడిని ఊరుకోబెట్టినట్టు. నమ్మడానికి ఆయన దగ్గర ఏ కారణమూ లేదు. ఆగిన ఇంజన్‌కు వాహ్ అన్నవాడి మాట ఎవరు నమ్ముతారు? మనమైనా నమ్మం.

కారు వెళ్లిపోయాక, జనం పల్చబడ్డాక, మద్దిలేటి ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఒక్కొక్క మాటా పెదాలతో కత్తిరించి చెప్పాడు. "ఎల్లన్న జీపు యాదికుందా ఉస్తాద్?"

యాదికుంది. మద్దిలేటి చాయ్ హోటల్లో కూర్చుని, రోడ్డవతల నుంచి వచ్చే ఇంజన్ చప్పుడు మారడం వింటూ వింటూ, ఎవరూ నేర్పకుండానే విద్య పట్టుకున్నాడు. ఒకనాడు ఉస్తాద్ ఊళ్లో లేనప్పుడు ఎల్లన్న జీపుకు తనే టైమింగ్ పెట్టాడు. తిరిగొచ్చిన నిజాముద్దీన్ విన్నాడు. వంక పెట్టడానికి లేదు. ఎల్లన్న ముందే నట్టు వదులు చేసి, చెడగొట్టి, మళ్లీ అక్కడికే తెచ్చి బిగించి, "వీన్ని నమ్మితే నీ ఇంజన్ బొందల పడుతుండె" అన్నాడు. అందరూ నవ్వారు. మద్దిలేటి ఆ రోజు అన్నం తినలేదు.

"అప్పుడు నా టైమింగ్ కరెక్టుగుండె ఉస్తాద్. నీకు చెవులు గూడ ఉండె" అన్నాడు మద్దిలేటి. లైటు తీగ చుట్టుకుంటూ లోపలికి పోయాడు.

వీడియో ఆ సాయంత్రానికే గద్వాల దాటింది. మర్నాటి నుంచి నిజాముద్దీన్ షెడ్డుకు బండి రాలేదు. మనుషులు మాత్రం వచ్చేవాళ్లు, చూసి పోవడానికి. అన్నాళ్లూ ఆయన వింటాడేమోనని ఆయన ముందు నోరు జాగ్రత్తగా పెట్టుకున్న ఊరు ఒక్కసారిగా నోరు విప్పింది. నవ్వుమొహం పెట్టుకుని ఎదురుగా నిలబడి ఏమైనా అనవచ్చని తెలిసిపోయింది. పెదాలు చదువుతాడన్న సంగతి మాత్రం మద్దిలేటికి తప్ప ఎవరికీ తట్టలేదు. ఆశీర్వాదం ఎప్పటిలాగే సాసర్‌లో చాయ్ పోసి ఆయనకందిస్తూ, పక్కవానితో నవ్వుతూ అన్నాడు, "ఎన్నేండ్ల సంది మోసం చేసిండు సూడు ముసలి నక్క. వీనికి జీపిచ్చినోళ్లంత పిచ్చోళ్లు." నిజాముద్దీన్ ఆ చాయ్ తాగాడు. తాగకపోతే చదివానని తెలిసిపోతుంది. తెలిసిపోతే ఆ కాస్త చాయ్ కూడా ఉండదు.

మెహరున్నిసా ఏడవలేదు. ఫోనును ఆయన చేతిలో పెట్టి, "నాకు పీడ వదిలింది. ఇగ నువ్వే పట్టుకో" అంది. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి లేదు. ఆమె ఎన్నేళ్లు మోసింది!

చలికాలం వచ్చాక మద్దిలేటి మళ్లీ వచ్చాడు. ఈసారి నవ్వలేదు, వ్యాపారం మాట్లాడాడు. పాత కార్ల షోకు ఉన్న హైదరాబాద్ వాళ్లు ఆదివారాలు సోమశిల వైపు గుంపులుగా పోతున్నారు. వీడియో చూసి, ఆ ఉస్తాద్ ఎక్కడని అడుగుతూ తన షెడ్డు దగ్గర ఆగుతున్నారు. "వచ్చి కూసో ఉస్తాద్. ఆదివారం ఆదివారమే. పని ఏం లేదు. కుర్సీల కూసొని కండ్లు మూసుకొనుడే. ఇంటికి బియ్యం, నూనె అన్నీ నేను పంపుత."

"నా టైమింగ్ కరెక్టుగుండె" అన్నాడు నిజాముద్దీన్.

"ఉండె. నాకెర్కనే" అన్నాడు మద్దిలేటి. "గది ఎవనిక్కావాలె?"

పొమ్మని తిట్టి పంపాడు. కానీ ఇంట్లో పొయ్యి తిట్లతో వెలగదు కదా. మేక అమ్ముడుపోయింది. తుప్పు జీపును పాత ఇనుము వాడు ముక్కలు చేసి పట్టుకుపోయాడు. ఒక ఆదివారం పొద్దున మెహరున్నిసా ఇస్త్రీ చొక్కా తెచ్చి మంచం మీద పెట్టింది. "కూసుంటే ఏం పోతది? పోయేది ఎప్పుడో పోయింది" అంది.

మొదటి ఆదివారం ఆయన ఎదురు తిరిగాడు. పాదాలు నేలకు ఆనించి, కంప్రెసర్ వణుకును పట్టుకున్నాడు. ఇప్పుడు దాని తీరు ఆయనకు తెలుసు. దాని కింద ఇంజన్ వణుకు లేదు. కళ్లు తెరిచి, వేలు ఎత్తకుండా, "ఇంజన్ బందుంది" అన్నాడు. ఫోన్లు కిందికి దిగాయి. ఎవరూ నవ్వలేదు. ఒకాయన మద్దిలేటి వైపు తిరిగి, "వినిపిస్తదా ఏంది ఈయనకు?" అని అడిగి, మొహం మాడ్చుకుని పోయి కార్లో కూర్చున్నాడు.

మద్దిలేటి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. కోపం లేదు, మొహంలో మొహం పెట్టి మెల్లగా చెప్పాడు. "నిజం చెప్తే ఎవరొస్తరు ఉస్తాద్? వేలెత్తాలె. వాహ్ అనాలె. లేదంటె ఇంటి కాడనే ఉండు."

ఇప్పుడు ప్రతి ఆదివారం నిజాముద్దీన్ ఆ కుర్చీలో ఉంటాడు. గడ్డానికి గోరింట మద్దిలేటే తెప్పిస్తాడు. కార్లు వచ్చి ఆగుతాయి. ఆయన కళ్లు మూసుకుంటాడు. నేల కింది వణుకులో ఇంజన్ వణుకు తెగిపోయిన క్షణం పాదాలకు తెలుస్తుంది, ఎప్పుడూ తప్పదు. అది తెలిసిన తర్వాత కాసేపు ఆగి, తల పక్కకు వంచి, చూపుడువేలు పైకెత్తి, "వాహ్" అంటాడు. నవ్వులు ఎప్పుడు ఆగుతాయో వినపడదు గనక, మద్దిలేటి వచ్చి భుజం తట్టేదాకా ఆ వేలు దించడు.